వాకిట్లో పుట్టినరోజు పండుగ – పిల్లలను చూసేది ఎవరు?

(పిల్లల వార్డులో రోగుల బంధువుల కోసం జరిగిన ఆరోగ్య అవగాహన సమావేశంలో ఒక సీనియర్ నర్సు చేసిన ప్రసంగం)



ఆసుపత్రిలో కూర్చోబెట్టి ఈ సిస్టరమ్మ పుట్టినరోజు గురించి మాట్లాడుతుందేమిటి అని మీలో కొందరికి అనిపించవచ్చు. కారణం చెబుతాను. పోయిన వారం ఒక తల్లి తన బాబును డిశ్చార్జ్ చేయించుకుని వెళ్తూ నన్ను పిలిచింది. "సిస్టరమ్మా, వచ్చే నెల మా బాబుకు మూడేండ్లు నిండుతయి. వాకిట్ల టెంటేసి దావత్ చేస్తున్నం. వాడకట్టోళ్లందరు వస్తరు. మీరు తప్పకుండ రావాలె" అన్నది. వస్తానమ్మా అన్నాను. ఆమె నాలుగడుగులు వేశాక మళ్లీ వెనక్కి పిలిచాను. "మీ ఇంట్ల హౌజు ఉందా? ఆ రోజు దాని మీద మూత పెట్టించు" అని చెప్పాను. ఆమె నవ్వి, "దావత్‌కు హౌజుకు ఏం సంబంధం సిస్టర్?" అని అడిగింది. ఆ సంబంధం ఏమిటో చెప్పడానికే ఈ రోజు మీ ముందు నిలబడ్డాను.

మా ఇంట్లో జరిగిన సంగతి

ఇది వేరేవాళ్ల తప్పు కాదు, నా తప్పు. కొన్నేళ్ల క్రితం పెద్దపల్లి దగ్గర మా ఊళ్లో మా అన్నయ్య కొడుకు పుట్టినరోజు చేశాం. ఏప్రిల్ నెల, సాయంత్రం వేళ. వాకిట్లో షామియానా వేశాం. పాస్టర్ గారు వచ్చి ప్రార్థన చేశారు. బంధువులు, ఇరుగుపొరుగు, బాబుతో ఆడుకునే పిల్లలు కలిసి యాభై మంది దాకా ఉన్నారు. కేకు కోసే సమయానికి అందరం బల్ల చుట్టూ చేరాం. ఫోటోలు తీసుకుంటున్నాం.

పక్కింటి చిన్నపాపకు రెండేళ్లు. ఆ పాప తల్లి మాకు వడ్డనలో సాయం చేస్తోంది. పాప నానమ్మ దగ్గర ఉందని ఆమె అనుకుంది. తల్లి దగ్గర ఉందని నానమ్మ అనుకుంది. ఇద్దరూ ఉన్నారు కదా అని నేను అనుకున్నాను. ఇంటి వెనక హౌజులో సగం నీళ్లున్నాయి. చేయి కడుక్కోవడానికి వెళ్లిన పదేళ్ల పిల్లవాడు పరుగెత్తుకొచ్చి, "హౌజుల పాప ఉన్నది" అన్నాడు.

నేను పరుగెత్తి పాపను బయటికి తీశాను. ఊపిరి లేదు. నోట్లో నోరు పెట్టి ఊపిరి ఊదాను. దేవుని దయవల్ల కొద్దిసేపటికి దగ్గి, వాంతి చేసుకుని, ఏడ్చింది. ఆ ఏడుపు ఈ రోజుకీ నా చెవుల్లో ఉంది. ఆ రాత్రంతా పాపను ఆసుపత్రిలోనే ఉంచాం. ఎందుకంటే నీళ్లు మింగిన పిల్లలకు కొన్ని గంటల తర్వాత కూడా ఊపిరి ఇబ్బంది రావచ్చు. ఇప్పుడు ఆ పాప బడికి వెళ్తోంది.

తల్లులకు జాగ్రత్తలు చెప్పడమే నా ఉద్యోగం. యాభై మంది దాకా ఉన్న వాకిట్లో, నర్సు ఉన్న ఇంట్లో అలా జరిగింది. ఎందుకు? ఎవరికీ పిల్లల మీద ప్రేమ లేక కాదు. అందరూ ఉన్నారు కదా అనే ధీమా వల్ల. ఇంట్లో తల్లి ఒక్కతే ఉన్న రోజు పిల్లలను కనిపెట్టుకునే ఉంటుంది. ఇంటి నిండా జనం ఉన్న రోజే ఎవరూ చూడరు.

నీళ్లలో పడ్డ చిన్నపిల్లలు సినిమాలో చూపించినట్టు కేకలు వేయరు, చేతులు కొట్టుకోరు. చప్పుడు లేకుండా మునిగిపోతారు. బక్కెట్ నీళ్లు కూడా చాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో ప్రపంచమంతటా సుమారు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారు. వారిలో దాదాపు నాలుగో వంతు ఐదేళ్లలోపు పిల్లలే.

ఎర్ర టవల్ పద్ధతి

ఆ తర్వాత మా ఇంట్లో ఒక నియమం పెట్టుకున్నాం. ఏ వేడుక జరిగినా పిల్లలను చూడటానికే ఒక మనిషిని నియమిస్తాం. ఆ మనిషి భుజం మీద ఎర్ర టవల్ ఉంటుంది. టవల్ భుజం మీద ఉన్నంతసేపు ఆ మనిషి వడ్డన చేయకూడదు, ఫోను చూడకూడదు, ఫోటోలు దిగకూడదు, కబుర్లలో కూర్చోకూడదు. పిల్లల వెంట తిరగడమే పని. అరగంట కాగానే టవల్ ఇంకొకరి భుజం మీద వేసి, "ఇప్పుడు నీ వంతు, పదకొండు మంది పిల్లలున్నారు" అని లెక్కతో సహా అప్పగించాలి. పిల్లలు పదిమందికి మించితే ఇద్దరిని పెట్టండి. ఐదేళ్లలోపు పిల్లలు ఎక్కువగా ఉంటే ఇంకొకరిని కలపండి.

ఇది ఆడవాళ్ల పని అని తోసేయకండి. బాబాయిలు, మేనమామలు, తాతలు అందరూ వంతు తీసుకోవాలి. పదేళ్ల పిల్లకు చెప్పి చేతులు దులుపుకోవద్దు. అలాగే మందు తాగినవారికి టవల్ ఇవ్వకండి. మన వైపు దావత్ అంటే మందు ఉండాలనే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. చిన్నపిల్లల పండుగ రోజైనా అది లేకుండా చేసుకుంటే ఇంటికి మంచిది. రాత్రి బండి మీద తిరిగి వెళ్లే వాళ్లకూ మంచిది.

అతిథులు రాకముందు

ముందురోజు ఒకసారి వాకిలి అంతా తిరిగి చూడండి. నిలబడి చూస్తే కనిపించదు. రెండేళ్ల పిల్లల ఎత్తుకు కూర్చుని చూడండి.

హౌజు, సంపు, డ్రమ్ము, బావి ఏది ఉన్నా గట్టి మూత వేయండి. రేకు ముక్క అడ్డం పెడితే చాలదు. అవసరం లేని బక్కెట్లు, టబ్బులు బోర్లించండి. టెంటు తాళ్లకు తెల్లగుడ్డ కట్టండి, పరుగెత్తే పిల్లలకు కనిపిస్తాయి. సీరియల్ బల్బుల తీగలు పిల్లలకు అందని ఎత్తులో ఉండాలి. తీగలను ఊరికే మెలిపెట్టి ప్లగ్గులో గుచ్చవద్దు. తడినేల మీద తీగ పడకూడదు. వాన పడితే ముందు మెయిన్ ఆపండి. వంట జరిగే చోటికి పిల్లలు రాకుండా తాడో బల్లో అడ్డం పెట్టండి. ఆటోలు, కార్లు వాకిట్లోకి రానివ్వకండి. వెనక్కి తీసే బండి డ్రైవరుకు చిన్నపిల్లలు కనిపించరు.

ఈ మధ్య కొందరు కరీంనగర్‌లో మానేరు డ్యాం గట్టుకో, కడెం దగ్గరికో, కుంటాల జలపాతానికో వెళ్లి కేకు కోస్తున్నారు. చూడటానికి అందమైన చోట్లే. కానీ అక్కడ మూత వేయడానికి వీలు కాదు. కుంటాల 45 మీటర్ల ఎత్తు నుంచి పడే నీరు. కింద రాళ్లు జారుతాయి, గుండాలు లోతు. చిన్నపిల్లల గుంపును అలాంటి చోటికి తీసుకుపోకండి. మీ వాకిలి, చర్చి ఆవరణ, కాలనీ పార్కు చాలు.

ఎండ, చలి

పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు 2016లో చిన్న జిల్లాలుగా విడిపోయాయి గానీ ఎండ మాత్రం అందరికీ ఒకటే. మే నెలలో రామగుండం, జగిత్యాల, ఆదిలాబాద్ వైపు 45 డిగ్రీలు దాటే రోజులు ఉంటాయి. పిల్లల శరీరం పెద్దవాళ్ల కంటే త్వరగా వేడెక్కుతుంది. కాబట్టి మార్చి నుంచి జూన్ వానలు పడేదాకా వేడుక సాయంత్రం ఐదున్నర తర్వాతే పెట్టుకోండి. రేకుల కింద, ప్లాస్టిక్ టార్పాలిన్ కింద వేడి ఇంకా ఎక్కువ. పాపకు జరీ గౌను, బాబుకు కోటు వేసి గంటలకొద్దీ ఉంచకండి. ఫోటో దిగాక నూలు బట్టలు మార్చండి. ఆడుకునే పిల్లలు అడగకపోయినా అరగంటకొకసారి నీళ్లు, మజ్జిగ ఇవ్వండి.

ఒళ్లు కాలిపోతూ పిల్లలు తూలినా, పిచ్చిగా మాట్లాడినా, స్పృహ తప్పినా అది వడదెబ్బ. నీడకు తెచ్చి, బట్టలు విప్పి, ఒళ్లంతా నీళ్లతో తడిపి విసరండి. జ్వరం మాత్ర దానికి పనిచేయదు. స్పృహ లేని పిల్లల నోట్లో నీళ్లు పోయవద్దు. వెంటనే 108కు ఫోన్ చేయండి.

డిసెంబరు, జనవరిలో ఆదిలాబాద్ వైపు రాత్రి 10 డిగ్రీల లోపుకు పడిపోతుంది. అప్పుడు పగలే చేసుకోవడం మంచిది. రాత్రి చలిమంట వేస్తే దాని దగ్గర ఎర్ర టవల్ మనిషి ఒకరు తప్పక ఉండాలి. వానాకాలంలో పొద్దు గూకేవేళ దోమలు ఎక్కువ. నిండు చేతుల చొక్కా, కాళ్లు కప్పే బట్ట వేయండి.

భోజనం

బగారన్నం, మాంసం కూర లేకుండా మనకు దావత్ కాదు. వండుకోండి, కానీ సమయం చూసుకోండి. మధ్యాహ్నం వండిన అన్నాన్ని పెద్ద గంజుల్లో మూతపెట్టి రాత్రి తొమ్మిదింటికి పెడితే అందులో సూక్ష్మజీవులు పెరుగుతాయి. మళ్లీ వేడి చేస్తే సరిపోతుందని అనుకుంటాం. కొన్ని సూక్ష్మజీవులు వదిలే విషం వేడికి పోదు. వండిన రెండు గంటల్లోపు తినిపించండి. ఎండాకాలమైతే గంటలోపే. చేతికి పుండు, కోసుకున్న గాయం ఉన్నవారు, విరేచనాలు అవుతున్నవారు వంటకూ వడ్డనకూ రావద్దు. అది అవమానం కాదు, జాగ్రత్త.

క్రీము కేకును కోసే నిమిషం దాకా ఫ్రిజ్‌లో ఉంచండి. కొవ్వొత్తులను పెద్ద కేకు మీద కాకుండా పక్కన చిన్న ముక్క మీద పెట్టి ఊదించండి. నోటి తుంపర అందరి కేకు మీద పడదు. పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరులో ఏడాదిపాటు నిషేధించింది. దాని వల్ల జబ్బు పడిన వారు ఎక్కువై ఆ నిర్ణయం తీసుకున్నారు. పిల్లల పండుగలో అది లేకపోతే లోటేమీ లేదు. మన సర్వపిండి, నువ్వుల లడ్డూ, అరటిపండు పిల్లలు ఇష్టంగా తింటారు. ఐసు గడ్డ ఏ నీళ్లతో చేశారో తెలియదు కాబట్టి షర్బత్‌లో వేయకండి. నోట్లో పొగ వచ్చే బిస్కెట్లు, పాన్‌లు పిల్లలకు అసలే వద్దు. 2024లో బెంగళూరులో ఒక వేడుకలో అలాంటి పాన్ తిన్న పన్నెండేళ్ల అమ్మాయికి పొట్టలో రంధ్రం పడి ఆపరేషన్ చేయవలసి వచ్చింది.

గొంతులో అడ్డం పడితే

2022 నవంబరులో వరంగల్‌లో ఎనిమిదేళ్ల బాలుడు చాక్లెట్ గొంతుకు అడ్డుపడి చనిపోయిన వార్త మీలో చాలామంది చదివే ఉంటారు. ఐదేళ్లలోపు పిల్లలకు పల్లీలు, పుట్నాలు, గట్టి చాక్లెట్లు, జెల్లీ ఇవ్వకండి. ద్రాక్షను నిలువుగా కోసి ఇవ్వండి. సీతాఫలం గింజలు తీసి పెట్టండి. పిల్లలు కూర్చుని తినాలి. నోట్లో ముద్దతో పరుగెత్తకూడదు. పగిలిన బెలూన్ ముక్కలను వెంటనే ఏరేయండి. అవి గొంతుకు అతుక్కుంటాయి. రిటర్న్ గిఫ్టుగా లైటు వెలిగే బొమ్మలిస్తే వాటిలో గుండీలాంటి బ్యాటరీ ఉంటుంది. దాన్ని మింగితే కొద్ది గంటల్లోనే ఆహారనాళాన్ని కాల్చేస్తుంది. మింగారనే అనుమానం ఉన్నా వెంటనే ఆసుపత్రికి రండి.

అడ్డుపడిన పిల్లలు గట్టిగా దగ్గుతుంటే దగ్గనివ్వండి. దగ్గలేక, మాట రాక, ముఖం నీలమవుతుంటే ఆగవద్దు. ఏడాది దాటిన పిల్లలను ముందుకు వంచి, రెండు రెక్కల మధ్య వీపు మీద అరచేతి మడమతో ఐదుసార్లు గట్టిగా కొట్టండి. రాకపోతే వెనక నుంచి పట్టుకుని, బొడ్డుకు కొంచెం పైన పిడికిలి పెట్టి లోపలికీ పైకీ ఐదుసార్లు నొక్కండి. వచ్చేదాకా ఒకదాని తర్వాత ఒకటి చేస్తూనే ఉండండి. ఏడాదిలోపు బిడ్డ పొట్ట నొక్కకూడదు. తల కిందికి ఉండేలా ముంజేయి మీద బోర్లా పడుకోబెట్టి వీపు మీద ఐదు దెబ్బలు, తర్వాత వెల్లకిలా తిప్పి ఛాతీ మధ్య ఎముక మీద ఐదుసార్లు నొక్కాలి. కనిపించని వస్తువు కోసం నోట్లో వేలు పెట్టి వెదకవద్దు. అది ఇంకా లోపలికి పోతుంది.

నీళ్లలో మునిగిన పిల్లలను తలకిందులుగా తిప్పడం, పొట్ట నొక్కడం చేయవద్దు. ఊపిరి లేకపోతే నోటితో ఊపిరి ఇవ్వాలి, ఛాతీ నొక్కాలి. దీన్ని మాటలతో చెబితే చాలదు. మీరు ఇక్కడ ఉన్న రోజుల్లోనే వార్డులో సిస్టర్లను అడగండి. బొమ్మ మీద మీ చేత చేయించి నేర్పిస్తాం. ఆ రోజు మా ఇంట్లో నాకు పనికొచ్చింది ఈ విద్యే.

మంట, చప్పుడు

స్నో స్ప్రేలో మండే గ్యాసు ఉంటుంది. కొవ్వొత్తి వెలుగుతుండగా దాన్ని కొడితే మంట ఒక్కసారిగా పిల్లల ముఖం మీదికి వస్తుంది. స్నో స్ప్రే వద్దని ముందే చెప్పండి. గ్యాసు బెలూన్లలో ఎక్కువగా మండే గ్యాసే నింపుతారు. వాటిని మంట దగ్గరికి తేవద్దు. నోటితో ఊదిన బెలూన్లు చాలు.

కాలితే ఇరవై నిమిషాలు మామూలు పారే నీళ్ల కింద ఉంచండి. టూత్‌పేస్టు, పసుపు, సిరా, ఐసు పెట్టకండి. బొబ్బలు చిదపవద్దు. శుభ్రమైన గుడ్డ కప్పి తీసుకురండి.

డీజే పెట్టెల పక్కన పిల్లలను నిలబెట్టకండి. పక్కవారి మాట వినిపించడం లేదంటే ఆ చప్పుడు పిల్లల చెవులకు ఎక్కువే. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బహిరంగంగా లౌడ్‌స్పీకర్లు పెట్టకూడదు. మీ వాడకట్టులో పసిబిడ్డ బాలింత, గుండెజబ్బు పెద్దాయన ఉంటారు. వారూ మన అతిథులే.

ఎవరిని పిలుస్తున్నాం?

ఇంకొక మాట. ఫిట్స్ వచ్చే బాబు, నడవలేని పాప, సికిల్‌సెల్ ఉన్న పిల్లవాడు, హెచ్.ఐ.వి. ఉన్న కుటుంబం మీ వాడకట్టులో ఉంటే వాళ్లను పిలవడం మానకండి. కలిసి ఆడితే, కలిసి తింటే ఈ జబ్బుల్లో ఏదీ అంటదు. ఈ వార్డులో ఉన్న మీకు ఆ బాధ తెలుసు. ఊళ్లో పిల్లలందరినీ పిలిచి మన బిడ్డను పిలవకపోతే తల్లి మనసు ఎంత నలుగుతుందో వేరే చెప్పనక్కరలేదు. పిలిచేటప్పుడు ఆ తల్లిని పక్కకు పిలిచి, "బాబుకు ఏం పెట్టొద్దు? మందు వేళ ఎప్పుడు?" అని అడగండి. సికిల్‌సెల్ ఉన్న పిల్లలకు నీళ్లు తరచుగా ఇవ్వాలి, చలిలో ఉంచకూడదు. షుగరు ఉన్న బిడ్డకు కేకు ఎంత ఇవ్వాలో తల్లే చెబుతుంది.

అప్పు చేసి పండుగ చేయకండి. బిడ్డకు కావలసింది పెద్ద స్టేజీ కాదు, ఆడుకునే స్నేహితులు.

చివరిగా

ప్రభువు ఐదు వేల మందికి భోజనం పెట్టిన సంగతి మీకు తెలుసు. అది కూడా ఆరుబయట జరిగిన విందే. జనాన్ని ఎలా పడితే అలా వదలకుండా గడ్డి మీద వరుసలుగా కూర్చోబెట్టించారు. అందరూ తిన్నాక మిగిలిన ముక్కలను పన్నెండు గంపలకు ఎత్తించారు. వరుస ఉంది, శుభ్రం ఉంది. మన వాకిట్లో విస్తర్లు, ఎముకలు రాత్రంతా పడి ఉంటే వీధికుక్కలు గుంపుగా వస్తాయి. తెల్లారి పిల్లలు అక్కడే ఆడతారు. భోజనం కాగానే అన్నీ మూటగట్టి తీసేయండి. ఒకవేళ కుక్క కరిస్తే పావుగంట సేపు సబ్బునీళ్లతో కడిగి, అదే రోజు టీకా వేయించండి.

ఇంటికి వెళ్లాక ఈ ఐదు మాటలు గుర్తుంచుకోండి.

1. పిల్లలను చూడటానికే ఒక మనిషి, భుజం మీద ఎర్ర టవల్, అరగంటకు మార్పు.
2. హౌజుకు, సంపుకు మూత, బక్కెట్లు బోర్లా.
3. ఎండ తగ్గాకే ఆట; వండిన రెండు గంటల్లోపే భోజనం, ఎండాకాలం గంటలోపే.
4. చిన్నపిల్లలకు గింజలు వద్దు. స్నో స్ప్రే, గ్యాసు బెలూన్లు వద్దు.
5. 108కు ఫోన్ చేసేది ఎవరు, రోడ్డు మీద నిలబడి అంబులెన్సుకు దారి చూపేది ఎవరు, ముందే అనుకోవాలి.

నన్ను పిలిచిన ఆ తల్లి ఇంటికి వచ్చే నెల నేను తప్పకుండా వెళ్తాను. ఏం కానుక తీసుకెళ్లాలని ఆలోచించాను. ఒక ఎర్ర టవల్ కొన్నాను. మొదటి అరగంట వంతు నాదే అని చెప్పబోతున్నాను.

మీ పిల్లలు త్వరగా కోలుకుని, వచ్చే పుట్టినరోజుకు మీ వాకిట్లో పరుగెత్తి ఆడాలని ప్రార్థిస్తున్నాను. దేవుడు మిమ్మల్నీ మీ బిడ్డలనూ దీవించి కాపాడును గాక.